లక్క చల్లారేలోపు

తుపాకీ గొట్టానికి నూనె గుడ్డ చుట్టడానికి ఒక పద్ధతి ఉంది. మూతి దగ్గర మొదలుపెట్టి, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సగం ఎక్కేలా, చెక్క పిడి దాకా తేవాలి. బిగించకూడదు, వదులుగానూ ఉండకూడదు. బిగిస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది. వదులైతే దారి పొడుగునా ఊడిపోతుంది. తాళాలాయన పొద్దున్నుంచీ నేల మీద గోనె పరుచుకుని ఆ పనే చేస్తున్నాడు.

ఆ ఆఫీసులో అతని అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. బక్కపలచని మనిషి. వంగి పనిచేసీ చేసీ వీపు కాస్త గూనిగా మారింది. కళ్ళద్దాల కాడ ఒకటి విరిగితే దారం కట్టుకున్నాడు. గోళ్ళ చుట్టూ నూనె మురికి ఏ సబ్బుకూ లొంగని దశకు చేరి చాలా కాలమైంది. అతని చొక్కాలకు పట్టిన వాసన తన చీరలకు ఎక్కుతుందని భార్య వాటికి వేరే దండెం కట్టింది.

లైసెన్సు ఆఫీసు వెనకవైపు, కటకటాల కిటికీ ఉన్న ఒంటి గది అతనిది. యజమాని చనిపోయిన తుపాకులు, లైసెన్సు గడువు దాటిన తుపాకులు, అన్నదమ్ముల తగాదాలో ఎవరిదో తేలని తుపాకులు అక్కడ చెక్క గూళ్ళలో నిలబడి ఉంటాయి. ఒక్కోదాని మెడలో పురికొసతో కట్టిన అట్ట బిళ్ళ. తిరిగి తీసుకెళ్ళాలంటే వాటి మనుషులు ముందువైపు కిటికీలన్నీ తిరగాలి. మొదటి కిటికీ మూడో కిటికీకి పంపుతుంది. మూడోది డాక్టరు దగ్గరికి పంపుతుంది. డాక్టరు సంతకం పెట్టేసరికి పోలీసు విచారణ పాతబడిపోతుంది. అలా అరిగి అరిగి ఈ వెనక కిటికీకి చేరిన మనుషులకు తాళాలాయన ముఖం దేవుడి ముఖంలా కనిపిస్తుందని ప్యూను వేళాకోళం చేస్తుంటాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. అతను ఎవర్నీ నిలబెట్టడు. ఆర్డరు చూస్తాడు, బిళ్ళ విప్పుతాడు, ఇచ్చేస్తాడు.

ఆ సాయంత్రం మాత్రం లారీ వస్తుంది. చిన్న ఆఫీసుల్లోని ఆయుధాలన్నీ పెద్ద డిపోకు చేర్చాలని పైనుంచి ఉత్తర్వు. అక్కడికి వెళ్ళిన తుపాకీ మళ్ళీ ఇంటి ముఖం చూడాలంటే దరఖాస్తు మొదటినుంచీ పెట్టుకోవాలి. ఇక్కడే ఏడాది పడితే అక్కడెంత పడుతుందో బ్రహ్మకే తెలియాలి.

"అన్నయ్యా!"

వెనక కిటికీ అవతల బావమరిది భార్య నిలబడి ఉంది. బస్సు దిగి నడిచి వచ్చినట్టుంది, పాదాలు దుమ్ము కొట్టుకుపోయాయి. చేతిలో సంచీ కూడా లేదు.

"ఏంటమ్మా, ఇక్కడికొచ్చావు? ఇంటికి వెళ్ళకపోయావా? మీ వదిన ఉందిగా."

"వదిన దగ్గరికి నిన్ననే వెళ్ళా. చెప్పా. మీ పుట్టింట్లో కత్తిపీట తప్ప ఇనుము ఎరగరు, అందుకే నీకీ భయం అంది." ఆమె కటకటాలు పట్టుకుంది. "ఆయనకి ఆర్డరు వచ్చింది అన్నయ్యా. లారీ వెళ్ళేలోపు తుపాకీ తెచ్చుకుంటానని బయల్దేరాడు. నేను ముందు బస్సు పట్టుకున్నా."

'మంచిదేగా' అనబోయి తాళాలాయన ఆగిపోయాడు. ఆమె ముఖం మంచిది చెప్పడానికి వచ్చిన ముఖం కాదు.

"పందుల కోసం అంటున్నాడు. పొలం కౌలుకిచ్చేశాడు కదా, ఇక పందులు కౌలుదారువి కావా? బాబు సైకిలు ఇన్నాళ్ళూ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మొన్న తనే తుడిచి పక్కింటి పిల్లలకిచ్చేశాడు. చేతి గడియారం తీసి మా తమ్ముడికి పెట్టాడు." ఆమె గొంతు తగ్గింది. "నవ్వుతున్నాడు అన్నయ్యా. బాబు పోయాక ఏడాదిగా నవ్వని మనిషి, వారం నుంచి నవ్వుతూ తిరుగుతున్నాడు. నాకు ఆ నవ్వంటేనే వణుకు పుడుతోంది."

తాళాలాయన చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ఆ రోజు మోటారు సైకిలు నడిపింది బావమరిదే. కంకర మీద జారింది. వెనక కూర్చున్న పిల్లవాడు పోయాడు, నడిపినవాడికి మోచేయి గీరుకుంది. అంతే.

"అన్నీ సరిగ్గా ఉంటే నేను ఆపలేనమ్మా. ఆర్డరు ఆర్డరే."

"సరిగ్గా ఉన్నవాటిని కూడా లేవని చెప్పి ఊరందర్నీ తిప్పే ఆఫీసే కదా అన్నయ్యా ఇది! మా ఒక్కళ్ళ దగ్గరే సరిగ్గా పనిచేయాలా?"

అతను గుడ్డ మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు. ఆమె ఆగలేదు. గేటు వైపు నడుస్తూ, "నేను బయటే ఉంటా," అంది వెనక్కి తిరగకుండానే.

మామగారు పోయినప్పట్నుంచీ ఆయన తుపాకీ గోడ పక్క గూట్లో ఉంది. ఒంటి గొట్టం, చెక్క పిడి మీద అరచేయి ఆనిన చోట నున్నగా మెరుపు. సంబంధం మాట్లాడటానికి మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ ఇంటి ముందుగదిలో, ఎదురుగా అదే కనిపించింది అతనికి. పిల్ల తర్వాత కనిపించింది. ఏం పని అని అడిగితే తుపాకుల గదిలో అన్నాడు. మామ పొంగిపోయాడు. మర్నాడు తెల్లారకముందే పొలానికి తీసుకెళ్ళి చేతికిచ్చాడు. పేల్చిన దెబ్బకు తాళాలాయన వెనక్కి వెళ్ళి గట్టు మీద కూలబడ్డాడు. భుజం నల్లగా కమిలింది. కాకి ఒకటి తీరిగ్గా లేచి వేరే చెట్టు మీద వాలింది. మామ కడుపు పట్టుకుని నవ్వాడు. "అల్లుడూ, నువ్వు కాకులకి కూడా బంధువ్వే!" పెళ్ళి మాత్రం చేశాడు.

వాళ్ళ ఇళ్ళలో తుపాకీ నాగలి లాంటిది. పంట కాపలాకు, పాము కనిపిస్తే ధైర్యానికి, చుట్టాలొస్తే చూపించుకోడానికి. తుపాకీ లేని ఇల్లు కుక్క లేని ఇల్లు అనేవాడు మామ. తాళాలాయన తల్లి వేరే మాట అనేది. ఇంట్లో ఆయుధముంటే కోపానికి దారి తెలుస్తుంది అని. ఈ రెండు మాటల మధ్య కాపురం చేసిన మనిషి అతను. ఏది తప్పో తేల్చుకోవలసిన అవసరం ఇన్నేళ్ళలో రాలేదు. తాళం అతని దగ్గర ఉంది, తుపాకులు గూళ్ళలో ఉన్నాయి. తనకు ముందు ఆ గది చూసినాయన తాళాలు అప్పగిస్తూ, "వీటి మీద మోజున్నవాడికి ఇవ్వకూడదురా. నీకు భయముంది. అది చాలు," అన్నాడు.

పొద్దున అన్నం డబ్బా సర్దుతూ భార్య కూడా చెప్పింది. "మా నాన్న తుపాకీ పరాయి డిపోలో తుప్పు పట్టిపోవాలా? తమ్ముడొస్తాడు. మీ రూల్సు వాడి దగ్గర విప్పకండి."

ఆ ఉదయం ఇంకెవరో కాంట్రాక్టరు వచ్చి పిస్తోలు తీసుకెళ్ళాడు. నడుముకి ఆ బరువు లేక నడక కుదరడం లేదని నవ్వుతూ సంతకం పెట్టాడు. ఒక ముసలాయన ఆర్డరు లేకుండా వచ్చాడు. లారీలో వెళ్ళిపోతుందటగా, ఒకసారి చూసిపోతానన్నాడు. తాళాలాయన దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకొస్తే, కటకటాల్లోంచి చేయి పెట్టి భుజాన తువ్వాలుతో తుడిచి, "జాగ్రత్త," అన్నాడు. ఎవరికి చెప్పాడో తెలియలేదు. ఆ మాట అతన్ని మామూలుగా అయితే రోజంతా నవ్వించేది.

బావమరిది ఎండ ఎక్కాక వచ్చాడు. నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్లాస్టిక్ కవరులో ఆర్డరు పట్టుకుని.

"బావా! ఇదిగో, నీ సర్కారు చివరికి కరుణించింది. ఆ మెట్లు నా చెప్పుల్ని తినేశాయనుకో." మాట ముగియకముందే నవ్వు వచ్చేసింది. "తియ్యి, తియ్యి. తిరుగు బస్సుకి పోవాలి."

తాళాలాయన ఆర్డరు తీసుకుని కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు. ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. ఆ ఆఫీసునుంచి అంత చక్కని కాగితం బయటికి రావడం అతనెప్పుడూ చూడలేదు.

"ఫోటో మీద ముద్ర అంచుకి తగల్లేదురా," అన్నాడు. కాగితం మీంచి తల ఎత్తలేదు. "నాలుగో కిటికీలో మళ్ళీ వేయించుకురా."

"ఇంతకి మళ్ళీ వెళ్ళాలా?"

"రూలు."

బావమరిది నవ్వుకుంటూ వెళ్ళాడు. వరుస పెద్దదిగా ఉంది కాబోలు, చాలాసేపటికి తిరిగొచ్చాడు. అంచుకి ముద్ర పడింది. ఈసారి తుపాకీ నంబరులో ఒక అంకె ఒకటో ఏడో తెలియడం లేదన్నాడు తాళాలాయన. దాని పక్కన రాసినాయన పొట్టి సంతకం ఉండాలి. రాసినాయన భోజనానికి వెళ్ళాడు. భోజనం నుంచి వచ్చి, సంతకం పెట్టి, ఇదేం చాదస్తమని తిట్టి పంపాడు. మూడోసారి తాళాలాయన డాక్టరు కాగితం అడిగాడు.

"డాక్టరు కాగితం చూసే కదా ఆర్డరిచ్చింది?"

"నా దగ్గరా ఒక కాపీ ఉండాలి."

బావమరిది ముఖంలో నవ్వు ఆరిపోయింది. "పరాయివాళ్ళని నిమిషంలో పంపేస్తావని పేరు. సొంత బావమరిదికి మాత్రం అంకెలు లెక్కపెడుతున్నావు. పొద్దున్నే అక్కతో తన్నులు తిన్నావా ఏంటి?"

"కాపీ తెచ్చుకోరా."

"తేను. ఆఫీసరమ్మ దగ్గరికే పోతా." అతను కిటికీ బల్ల మీద అరచేత్తో కొట్టాడు. గూళ్ళలో పురికొసలు కదిలాయి. "నువ్వు చూస్తుండు, ఆవిడ్ని వెంటబెట్టుకొస్తా. నీ చేతులతో నువ్వే ఇస్తావు!"

అడుగుల చప్పుడు వరండా చివరిదాకా వెళ్ళింది. తాళాలాయన డబ్బా ఇంకా విప్పలేదు. విప్పాలనిపించలేదు. ఆఫీసరమ్మ న్యాయమైన మనిషి. కొత్తగా వచ్చింది, లంచం ముట్టదు, ఫైలు ఆపదు. వచ్చి చూస్తే ఇవ్వమంటుంది. అప్పుడు ఇవ్వాల్సిందే.

అతను లేచి గోడ పక్క గూట్లోంచి మామ తుపాకీ తీశాడు. గొట్టం కిందికి మడిచి లోపల చూశాడు, ఖాళీ. గుడ్డ చుట్టేటప్పుడు చేతులు తొందరపడ్డాయి, చుట్లు వంకరగా వచ్చాయి. మొదటిసారిగా వాటిని సరిచేయలేదు. నిండిన పెట్టెలో మిగతావాటి మధ్య దాన్ని ఇరికించి మూత వేశాడు, మేకులు కొట్టాడు, తాడు బిగించి ముడి వేశాడు. పెట్టెను కష్టపడి లేపి కిటికీ బల్ల మీదికి జరిపాడు, లారీ వాళ్ళు లోపలికొచ్చి అక్కడినుంచే ఎత్తుకుంటారు. అంతా అయ్యాక స్పిరిటు దీపం వెలిగించాడు. ఎర్ర లక్క కర్రను మంటకు చూపిస్తే అది తొందరేమీ లేనట్టు చుక్కచుక్కగా కారింది.

ముడి మీద లక్క పడి, దాని మీద ఇత్తడి ముద్ర నొక్కితే పెట్టె సీలైనట్టు. సీలైన పెట్టెను డిపోలో కమిటీ ముందు తప్ప ఎవరూ విప్పకూడదు. ఆఫీసరు కూడా. అయితే లక్క గట్టిపడితేనే అది సీలు. మెత్తగా ఉన్నంతసేపూ అది ఉత్త మైనం ముద్ద.

ముద్ర నొక్కి చేయి తీస్తుండగానే వరండాలో అడుగులు. రెండు జతలు. అతను వంగి లక్క మీద నోటితో ఊదాడు. పిల్లల దెబ్బ మీద ఊదినట్టు ఊదాడు.

"ఏంటండీ ఇది?" ఆఫీసరమ్మ ముక్కుకు చీర చెంగు అడ్డం పెట్టుకుంది. ఆ గది వాసన ఆమెకు పడదు. "ఆర్డరు మీద సంతకం నాదే. ఈయన్ని ఎందుకు తిప్పుతున్నారు?"

"పెట్టెలో పడిపోయింది మేడం. సీలు కూడా అయిపోయింది. పొరపాటు."

"ఆర్డరు చూశాక వేశారా సీలు, చూడకముందా?"

అబద్ధానికి అక్కడ కూడా చోటుంది. కానీ ఆ ఒక్క ప్రశ్నకి అది ఆడటం అతని చేత కాలేదు. "చూశాకే మేడం."

ఆమె ముక్కు మీంచి చెంగు దించింది. "చూడండి. నాకు ఈ వస్తువులంటేనే గిట్టదు. మా వైపు తుపాకీ పోలీసు భుజాన తప్ప కనబడదు. ఇళ్ళలో ఎందుకు పెట్టుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కానీ ఈయన అన్నీ పూర్తి చేశాడు. నాకిష్టం లేదని ఆపానా? మీరెవరు ఆపడానికి?" పెట్టె వైపు చూసి అడిగింది. "ఆరిందా?"

"ఆరింది మేడం."

ఆమె ముట్టుకోలేదు. ముట్టుకుంటుందేమోనని అతను తాడు సర్దుతున్నట్టు లక్కకు చేయి అడ్డం పెట్టాడు.

"అయితే నేను కూడా విప్పలేను." ఆమె బావమరిది వైపు తిరిగింది. "డిపోకి నేనే లెటరు రాస్తాను. ఆలస్యమవుతుంది, క్షమించండి." మళ్ళీ ఇటు తిరిగింది. "లారీ వెళ్ళాక తాళాలు నాకు అప్పగించండి. సంజాయిషీ రాసివ్వండి. ఆ తర్వాత సంగతి పైవాళ్ళు చూస్తారు. మీరిలా చేస్తారనుకోలేదు."

ఆమె వెళ్ళిపోయింది. బావమరిది కదల్లేదు. కిటికీ అటు అతను, ఇటు తాళాలాయన, మధ్య పెట్టె. అతను కటకటాల సందులోంచి చేయి పెట్టి బొటనవేలు లక్క మీద ఆనించాడు. వేలు దిగిపోయింది. ముద్రలోని అక్షరాలు చెదిరి పక్కకు ఒరిగాయి.

"బావా," అన్నాడు మెల్లగా. "మెత్తగానే ఉంది."

"ఊఁ."

"పిలవనా ఆవిడ్ని? ఇంకా మెట్లు ఎక్కి ఉండదు."

"పిలువు. ఆవిడిస్తే తీసుకుపో." తాళాలాయన లక్క కర్ర కింద పెట్టాడు. "నా చేత్తో మాత్రం ఇవ్వనురా."

"ఎందుకని?"

"పొలం ఇచ్చేశావు. గడియారం ఇచ్చేశావు. పిల్లాడి సైకిలు ఇచ్చేశావు. అన్నీ ఇచ్చేసేవాడికి ఇదొక్కటే ఎందుకురా?"

బావమరిది నోరు తెరిచాడు. వరండా వైపు చూశాడు. ఒక్క కేక వేస్తే చాలు. తాళాలాయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడో ముందువైపు కిటికీ దగ్గర ఎవరో గుమాస్తాతో పోట్లాడుతున్నారు, జిరాక్సు ఒకటి తక్కువైందట.

"మా ఆవిడ వచ్చిందా ఇక్కడికి?" అని అడిగాడు బావమరిది చివరికి.

"వచ్చింది. గేటు బయట గోడ చాటున కూర్చుంది. పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు."

అతను తల వంచుకున్నాడు. వేలికి అంటిన లక్కను చూసుకుంటున్నాడు.

"వెనక కూర్చుని పాడుతున్నాడు బావా," అన్నాడు. "బడిలో నేర్పిన పాట. తప్పులు పాడుతుంటే నేను దిద్దుతున్నా. మధ్యలో తల వెనక్కి తిప్పి దిద్దా. అంతే బావా. ఒక్క మాట దిద్దా."

తాళాలాయన కటకటాల మధ్యనుంచి చేయి పెట్టి బావమరిది మణికట్టు పట్టుకున్నాడు. నూనె చేయి, జారుతోంది. ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"నాకు మాటలు రావురా. తాళం వేయడం ఒక్కటే వచ్చు."

దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. బావమరిది భుజాలు రెండుసార్లు అదిరి, ఆగాయి. చొక్కా చేతికి ముఖం తుడుచుకున్నాడు. ఇస్త్రీ నలిగిపోయింది.

"ముద్ర చెడింది," అన్నాడు. "ఇలా ఉంటే లారీవాళ్ళు ఒప్పుకోరు. మళ్ళీ వెయ్యి."

తాళాలాయన పాత లక్క గీకి, కొత్తది కాచి పోశాడు. ముద్ర నొక్కాడు. ఈసారి ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. ఎరుపులోని మెరుపు అంచులనుంచి మెల్లగా మధ్యకు మసకబారింది. బావమరిదే గోటితో తట్టి చూశాడు. టక్కుమంది.

"ఆరింది," అన్నాడు.

పొద్దు వాలుతుండగా లారీ వచ్చింది. హమాలీలు పెట్టెలు మోశారు. అదేదో బెల్లం దిమ్మెలైనట్టు ఒకదాని మీద ఒకటి పడేస్తుంటే మామూలుగా అయితే తాళాలాయన కేకలు వేసేవాడే. మామ తుపాకీ ఉన్న పెట్టెను ఎక్కించేటప్పుడు బావమరిది కిటికీ దగ్గరినుంచి కదల్లేదు, అటు చూడలేదు.

"ఇవాళ మా ఇంట్లో పడుకో. అక్కతో నేను మాట్లాడతా."

"అక్క తిడుతుంది."

"ఇద్దర్నీ తిడుతుంది. సగం సగం పంచుకుందాం. మీ ఆవిణ్ణి కూడా రమ్మను. రేపు నేనూ మీతో మీ ఊరు వస్తా. ఇక్కడ నాకేం పని ఉందీ?"

బావమరిది పెదవి కొంచెం కదిలింది. వారంగా నవ్విన నవ్వు కాదది. నవ్వే కాదేమో. "తాళాలిచ్చిరా," అన్నాడు.

ఆఫీసరమ్మ తాళాల గుత్తి తీసుకుని సొరుగులో పెట్టుకుంది. సంజాయిషీలో ఏం రాస్తారని అడిగింది. పొరపాటని రాస్తానన్నాడు. ఆమె ఇంకేదో అడగబోయి, అతని ముఖం చూసి, ఫైలు దగ్గరికి లాక్కుంది.

డబ్బా మరిచిపోయానని గుర్తొచ్చి అతను మళ్ళీ వెనక గదికి వచ్చాడు. తలుపు తెరిచే ఉంది. తాళం వేయాల్సినదేమీ లోపల లేదు. గూళ్ళన్నీ పళ్ళూడిన నోళ్ళలా ఉన్నాయి. కిటికీలోంచి గేటు కనిపించింది. గోడ పక్కన బావమరిది, అతని భార్య పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. మాట్లాడుకోవడం లేదు. ఆమె అతని చొక్కా కొస పిడికిట్లో పట్టుకుని ఉంది.

డబ్బా అందుకోబోతూ అతను ఆగాడు. బల్ల మీద పెట్టె ఉన్నంత మేరా దుమ్ము లేకుండా నిడుపాటి మచ్చ మిగిలింది. దాని మధ్యలో, ఎవరో జేబులోంచి తీసి జాగ్రత్తగా నిలబెట్టి వెళ్ళినట్టు, ఒక తూటా. ఒక్కటే. దాని ఇత్తడి అడుగున ఎర్రగా బొటనవేలి మరక, ఇంకా ఒంటి వెచ్చదనం.